ఇల్లు వినిపించే లైను

మా ఫోన్లకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాక గవ్వలపాలెంలో ఆడవాళ్ళు "హలో" అని, వెళ్ళి బియ్యం కడిగి ఎసట్లో పోసి వచ్చి, అప్పుడు అవతలి "హలో" వినేవారు. సముద్రం మీద ఉన్న మగవాళ్ళది మరీ అన్యాయం. "ఇంట్లో ఏం కూర?" అని అడిగినవాడికి జవాబు వచ్చేసరికి వాడు వల లాగి, చేపలు ఏరి, తన కూర తానే వండుకుని తినేసేవాడు. ఆ తరువాత ఫోనులోంచి "వంకాయ" అని వినిపిస్తే, ఏ ప్రశ్నకు వంకాయో వాడికి గుర్తుండేది కాదు.

వినడానికి నవ్వులాటగానే ఉంటుంది. ఆ ఫోన్ల బాగోగులు చూసేది నేను కాబట్టి నాకు మాత్రం నవ్వు రాలేదు. నా పేరు విశ్వంభరం. విశాఖపట్నంలో కొండవాలు మీద ఉన్న ఒక చిన్న పరిశోధనశాలలో ఇంజినీరును. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది గానీ, కిటికీ వైపు తిరిగే తీరిక నాకెప్పుడూ లేదు. మా పై అధికారి డాక్టర్ ఫిలోమినా గారు. ఆవిడకు ఓపిక ఎక్కువ, నాకు కోపం ఎక్కువ. ఇద్దరం కలిస్తే పని జరుగుతుంది.

మేము చేసిన వస్తువు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. తీరం విడిచి దూరం పోయే పడవలకు సిగ్నల్ సన్నబడిపోయి, మాట చిరుగులు పడి చేరుతుంది. "అన్నం తిన్నావా" అంటే "అ... తి... వా" అని వినిపిస్తుంది. మా యంత్రం ఆ చిరుగులకు మాసిక వేస్తుంది. ఫోను తీసుకున్న ప్రతి మనిషి గొంతూ దానికి తెలుసు. పోయిన అక్షరం ఏదై ఉంటుందో ఊహించి, ఆ మనిషి గొంతుతోనే అక్కడ అతికిస్తుంది. వినేవాడికి అతుకు తెలియదు. గవ్వలపాలెం వాళ్ళు ముద్దుగా దాన్ని "అతుకుల ఫోను" అనేవారు. దాని మొదటి వెర్షన్ నేను రాసిందే. పెద్ద గొప్పదేం కాదు, ఒకటి రెండు అక్షరాలకు మించి అతకలేదు. కానీ పెరట్లో పెంచిన జామచెట్టు మీద ఉండేంత ప్రేమ నాకు దాని మీద ఉండేది.

రెండో వెర్షన్ పై ఊరి కంపెనీవాళ్ళు రాసి పంపారు. అది అక్షరాలతో ఆగదట, వాక్యాలకు వాక్యాలే అతుకుతుందట. వేట నిషేధం రోజుల్లో, పడవలన్నీ ఇసక మీద బోర్లా పడుకుని ఉన్నప్పుడు, దాన్ని ఎక్కించాం. ఒడ్డు మీద ఇటొక మనిషిని, అటొక మనిషిని నిలబెట్టి మాట్లాడించి పరీక్ష చేశాం. మాట మెరుపులా చేరింది. ఫిలోమినా గారు అందరికీ కేకు పంచారు. నేను ఏడుపు మొహంతోనే తిన్నాను.

నిషేధం ఎత్తేశారు, పడవలు నీళ్ళలోకి దిగాయి, మా యంత్రం చతికిలపడింది.

లోపల సంతోషించానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. పరాయివాడు రాసిన ప్రోగ్రాం పడుకుంటే ఏ ఇంజినీరుకు సంతోషం ఉండదు? కానీ ఆ సంతోషం హార్బరు ఆఫీసు నుంచి ఫోను వచ్చేదాకానే. ఆఫీసరు గారు సూటిగా చెప్పారు. "మాటా మంతీ లేకుండా గంటల తరబడి తెరిచి ఉంచే లైన్లు ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి. మీ యంత్రం వాటివల్లే నలుగుతోంది. శనివారంలోగా వేగం వస్తే సరి, లేదంటే మాట లేని లైన్లన్నీ తెంపేయండి."

ఆయన చెప్పేది తేలికే. గవ్వలపాలెంలో మాట లేని లైను అంటే ఏమిటో ఆయనకు తెలియదు.

అక్కడ ఒక అలవాటు ఉంది. మగవాడు వేటకు వెళ్ళాక ఇంట్లో ఆడమనిషి ఫోను చేసి, మాట్లాడవలసింది మాట్లాడి, లైను తెంపకుండా ఫోనును పొయ్యి పక్కన గూట్లో పెట్టేస్తుంది. సర్కారు లైను కాబట్టి ఖర్చు లేదు. అక్కడ పడవలో చుక్కాని దగ్గర వేలాడే ఫోనులోంచి అతనికి తన ఇల్లు వినిపిస్తూ ఉంటుంది. తిరగమోత చిటపటలు, కోళ్ళ కలకలం, పిల్లాడి ఏడుపు, పక్కింటి తగువు, అన్నీ. దాన్ని "ఇల్లు వినిపించడం" అంటారు. నీళ్ళ మీద ఉన్నవాడి లైనును ఒడ్డున ఉన్నవాళ్ళు తెంపితే అశుభమని వాళ్ళ నమ్మకం. మొగుడూ పెళ్ళాలకు తగువైతే మాట మానేస్తారు గానీ, లైను మానరు. అటువంటి లైన్లు తెంపడానికి నాకు చెయ్యి రాదు. అలాగని శనివారం ఎవరికోసమూ ఆగదు.

పని మొదలుపెట్టాం. సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తే ప్రపంచంలో ప్రతి ఇంజినీరూ ముందు చేసే పనే మేమూ చేశాం. ఆపి మళ్ళీ ఆన్ చేశాం. అయిదు నిమిషాలు గుర్రంలా పరుగెత్తి మళ్ళీ చతికిలపడింది. తీగలు మార్చాం. పాత ఫైళ్ళు తుడిచేశాం. సర్వర్లున్న గదిలో ఇంకో ఏసీ పెట్టించాం, దానివల్ల నాకు జలుబు చేసింది తప్ప యంత్రానికి ఏమీ కాలేదు. కంపెనీవాళ్ళను అడిగితే తమవైపు అంతా బాగానే ఉందన్నారు. ఆ మాట వాళ్ళు ఫోను ఎత్తకముందే నాకు తెలుసు.

అప్పుడొక విచిత్రం కనిపించింది. జనం ఎక్కువ మాట్లాడే సాయంత్రం పూట యంత్రం హాయిగా నడుస్తోంది. పొద్దెక్కాక, ఊరంతా వంటల్లో ఉండి ఎవరూ పెద్దగా మాట్లాడని వేళ, ఊపిరాడక కొట్టుకుంటోంది.

"మాట్లాడకపోతే దానికి పనేముంది?" అన్నారు ఫిలోమినా గారు.

"అదే నాకూ అర్థం కావడం లేదండీ. ఏ లైను మీద ఎంత భారం పడుతోందో చూశాను. అందరికన్నా పైన కాసులమ్మ అని ఒకావిడ ఉంది. ఆవిడ ఒక్కతే యంత్రాన్ని నమిలేస్తోంది."

"గొప్ప మాటకారి అయ్యుంటుంది. ఒకసారి వెళ్ళి చూసి రండి విశ్వంభరం గారూ. కాస్త తక్కువ మాట్లాడమని మర్యాదగా చెప్పండి."

మర్నాడు గవ్వలపాలెం వెళ్ళాను. కాసులమ్మ ఇల్లు ఒడ్డుకు దగ్గరగా, రేకుల కప్పుతో, ముందర ఎండుచేపల పందిరితో ఉంది. నా వయసే ఉంటుంది ఆవిడకు. పని చెప్పాను. లోపలికి రమ్మని చేత్తోనే సైగ చేసి, పీట వేసి, టీ గ్లాసు నా చేతిలో పెట్టి, గుమ్మం పక్కన కూర్చుని వలకు పడ్డ చిరుగు కట్టుకోవడం మొదలుపెట్టింది. నైలాన్ దారం కొస పళ్ళ మధ్య బిగబట్టి ఉంది. ఫోను గూట్లో ఉప్పుడబ్బా పక్కన ఉంది. లైను తెరిచే ఉంది. ఆవిడ మాత్రం నోరు విప్పలేదు. ఈ మనిషేనా మా యంత్రాన్ని మాటలతో చంపేస్తున్నది అనుకున్నాను.

నా దగ్గర ఒక పరీక్ష పెట్టె ఉంది. అవతల పడవలో ఏం వినిపిస్తుందో అది ఇక్కడే వినిపించేట్టు చేస్తుంది. ఆవిడను అడిగి, దాన్ని లైనుకు తగిలించి, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తరువాత, ఇందాకెప్పుడో కూసిన కోడి ఇప్పుడు కూసింది. నేను తాగేసిన టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు ఇప్పుడు వినిపించింది. ఇంతలో స్పష్టంగా, ప్రేమగా, కాసులమ్మ గొంతు వినిపించింది.

"తిన్నావా మావా? ఎండలో తిరక్కు. ఒంటికి జాగర్త."

తలెత్తి ఆవిడ వైపు చూశాను. దారం పళ్ళ మధ్యనే ఉంది. నేను వచ్చినప్పటినుంచీ అక్కడే ఉంది. ఆ దారం పెట్టుకుని "మావా" అనడం ఏ మనిషికీ సాధ్యం కాదు.

ఇంకాసేపటికి గూట్లో ఫోనులోంచి ఆవిడ భర్త దానయ్య గొంతు వచ్చింది. "తిన్నానే కాసూ. చల్లటి గాలేత్తన్నాది. నువ్వు తిన్నావా?"

కాసులమ్మ దారం తీసి పక్కన పెట్టి, ఫోనుకు వినిపించకుండా గొంతు తగ్గించింది. "సూసినావా బాబూ. నానేటీ అడగనేదు. ఆడే అడుగుతాడు, ఆడే సెప్పుకుంతాడు. మీ లైను ఆలీసం కదా, ఎప్పుడో నిరుడు అడిగినదానికి ఇప్పుడు జవాబిత్తన్నాడేటో అనుకున్నాను."

"అసలు మీరు మాట్లాడటం మానేసి ఎన్నాళ్ళయింది?" నేనూ గుసగుసగానే అడిగాను.

"ఏటకెల్లిన కాడ్నుంచీ నేదు." ఆవిడ ముడి బిగించింది. "పడవకి కొత్త రంగులేయిత్తూ నా పేరు రాయిత్తానన్నాడు. ఊరందరి ముందరా అన్నాడు. తీరా సూత్తే ఆళ్ళమ్మ పేరు రాయించీసినాడు. నాను అత్తని కాదన్నానేటి? నాకొక మాట సెప్తే నానే రాయించమందును. తప్పైపోనాదే అని ఒక్క మాటంతే సాలు. ఆ మాట ఆడి నోట్లోంచి రాదు. వొచ్చీదాకా నా నోట్లోంచీ ఏటీ రాదు."

నాకు అప్పుడు మొత్తం అర్థమైంది. మొదటి వెర్షన్ అడిగే ప్రశ్న ఒకటే, సిగ్నల్ చిరిగిందా అని. చిరిగితేనే మాసిక వేసేది, లేకపోతే వచ్చింది వచ్చినట్టు పంపేది. రెండో వెర్షన్ అడిగే ప్రశ్న వేరు, ఇందులో మాట ఉందా అని. కాసులమ్మ లైనులో కోళ్ళున్నాయి, గిన్నెలున్నాయి, మాట లేదు. కాబట్టి మాటంతా దారిలో పోయిందని అది తీర్మానించుకుంది. పోయిన మాట ఏమై ఉంటుందా అని ఆవిడ జన్మలో మాట్లాడగలిగే మాటలన్నీ తిరగేస్తోంది. లేనిదాన్ని వెతకడం కన్నా పెద్ద పని ఏముంటుంది? ఊళ్ళో వంటవేళ అన్ని ఇళ్ళూ మౌనంగా ఉంటే, అన్ని ఇళ్ళకూ ఇదే వెతుకులాట. చివరికి ఏదో ఒకటి అల్లి పంపేస్తోంది. కంపెనీవాళ్ళు తిట్లు తీసేసి మంచి మాటలే ఉంచారు కాబట్టి అల్లేదంతా తీపిగానే ఉంటోంది. అదంతా నిదానంగా చేరుతోంది కాబట్టి ప్రశ్నకూ జవాబుకూ పొంతన లేకపోయినా ఎవరికీ అనుమానం రాలేదు. లైను మీద నెపం వేసి ఊరుకున్నారు.

చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. తరువాత ఇయర్‌ఫోన్లు తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ విన్నది. తన గొంతు తన మొగుణ్ణి అన్నం తిన్నావా అని అడగడం విన్నది. మొదట ముచ్చటపడ్డట్టు కనిపించింది. తరువాత మొహం ఎర్రబడింది.

"ఇది నానా?"

"కాదమ్మా. మా యంత్రం."

"నా గొంతు మీ పెట్టెకి ఎవులిచ్చినారు?"

"మీరే ఇచ్చారు, ఫోను తీసుకున్నప్పుడు. చిరిగిన మాట అతకడానికి."

"అతకమన్నాను గానీ, మాటాడమన్నానేటి?" ఆవిడ లేచి, మాట బయటికి పోకుండా ఫోను మీద గిన్నె బోర్లించింది. "అందుకా ఆడు అంత సంబరంగా ఉన్నాడు! నా కోపం పోనాదనుకుంతన్నాడు. తప్పైపోనాదని ఆడు ఎందుకు సెప్తాడు బాబూ, సెప్పకుండానే అన్నీ అయిపోతే? నా కోపం నాది. నాను తీర్సుకోవాల. మీ పెట్టి తీర్సీడమేటి?"

మేము యంత్రం చేసింది మాట చేర్చడానికి. అది ఆ ఇంటికి రావలసిన ఒక్క మాటను రాకుండా అడ్డుకుంది.

"తీసీ దాన్ని," అంది. నేను పెట్టె సర్దుకుని గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచింది. ఈసారి గొంతు తగ్గింది. "బాబూ, తీసీసినాక ఆడికి తెలిసిపోద్ది కదా, ఇన్నాళ్ళూ మాటాడింది నాను కాదని. నీళ్ళ మీదున్న మనిసి. మనసు కష్టపెట్టుకుంతాడేటో."

ఆ సంగతి నేనూ ఆలోచిస్తున్నాను. ఆవిడకు ధైర్యం చెప్పడానికి ఏదో అన్నాను. అది నాకే నమ్మకంగా అనిపించలేదు.

ఆ రోజు భోజనాల దగ్గర మా ఆవిడ ఇందుమతి నాకు పప్పు వడ్డించి అంది, "మీ యంత్రాన్ని మనింట్లో కూడా ఒకటి పెట్టండి. మీ గొంతుతో అదైనా నాతో మాట్లాడుతుంది." వారం రోజులుగా నేను ఇంట్లో "ఊఁ" తప్ప వేరే మాట అనలేదట. ఆవిడ పుట్టినరోజు కూడా ఆ "ఊఁ"లోనే గడిచిపోయిందట. నేను నాలుక కరుచుకుని, వెంటనే కాసులమ్మ సంగతి చెప్పాను. తప్పించుకోవడానికి చెప్పాననే ఆవిడ అనుకుంది. కొంతవరకూ అది నిజమే.

"నువ్వు చెప్పు," అన్నాను. "నేను మరిచిపోయినందుకు యంత్రమే నా గొంతుతో నీకు క్షమాపణ చెప్పిందనుకో. నీకు తెలియదు కాబట్టి సంతోషమే కదా?"

"మీరు చెప్పని క్షమాపణ నాకెందుకండీ? చెప్పేటప్పుడు మీరు నసుగుతారు, చెవి గోక్కుంటారు. అది చూడొద్దూ నేను? అసలు సరదా అంతా అందులోనే ఉంది." మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. "ఊఁ, కానివ్వండి. చూస్తున్నాను."

నసిగాను. చెవి కూడా గోక్కున్నానట. ఆవిడ పడీ పడీ నవ్వింది. ఆ రోజుల్లో నాకు అన్నం రుచి తెలిసిన పూట అదొక్కటే.

శుక్రవారం పొద్దున్న పరిశోధనశాలలో పెద్ద చర్చ. నేను కనిపెట్టింది చెప్పాను. కంపెనీవాళ్ళకూ ఫోనులో చెప్పాం. వాళ్ళేమీ కంగారు పడలేదు. "ఇంకో నాలుగు సర్వర్లు ఉచితంగా పంపిస్తాం, తగిలించుకోండి. ఆలస్యం అన్నది ఉండదు," అన్నారు. నిజమే, ఉండదు. కాసులమ్మ కాని కాసులమ్మ టక్కున మాట్లాడుతుంది, దానయ్య టక్కున జవాబిస్తాడు, ఇద్దరి మాటలకూ చక్కగా పొంతన కుదురుతుంది. ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. నెమ్మదించడం వల్లే కదా మేము ఆ ఇంటిదాకా వెళ్ళింది!

ఫిలోమినా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడకు ఆలోచన వచ్చినప్పుడు చేసే పని అది. "ఒక మాట చెప్పనా విశ్వంభరం గారూ? పడవల మీదివాళ్ళను హార్బరులో అడిగించాను. వేగం గురించి తిట్టారు. కానీ ఇంట్లోవాళ్ళు మునుపటి కంటే ప్రేమగా మాట్లాడుతున్నారని చాలామంది సంతోషపడ్డారు. ఆ సంతోషం మనం పీకేయాలా? ఊళ్ళో తగువులు తగ్గితే మనకేం నష్టం?"

"తగువు తగ్గలేదండీ. ఒడ్డున ఉన్న మనిషి దగ్గర అలాగే ఉంది. రెండో మనిషికి మాత్రం తెలియడం లేదు."

"అది వాళ్ళ సంసారం. మనం ఫోనువాళ్ళం."

నాకు కోపం వచ్చింది. కోపంలో నోటికొచ్చింది అనేశాను. "లైనుకు రెండు కొసలున్నాయండీ. ఇటువైపు మౌనంగా ఉంటే ఇది మాటలు అల్లుతోంది. అటువైపు మౌనంగా ఉంటే? రేపు పడవ మీద ఒక మనిషి గుండె పట్టుకుని పడిపోయాడనుకోండి. మాట ఆగిపోతుంది. మన యంత్రం అతని గొంతుతో ఇంటికి ఏం చెబుతుంది? 'నాను బాగానే ఉన్నానే, నువ్వు తిన్నావా' అని చెబుతుంది."

ఫిలోమినా గారి చేతిలో కళ్ళజోడు ఆగిపోయింది. కాసేపటికి దాన్ని పెట్టుకుని, కంపెనీకి తానే ఫోను చేశారు. "మీ సర్వర్లు వద్దు. మా ఇంజినీరు మీ ప్రోగ్రాంలో ఒక చోట చెయ్యి పెడతాడు. అభ్యంతరమైతే రాతపూర్వకంగా తెలపండి, తీరికగా చదువుకుంటాం." ఆవిడ అంత కటువుగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. ఆవిడ మీద నాకు గౌరవం రెట్టింపయింది.

చెయ్యి పెట్టవలసిన చోటు చిన్నదే. "మాట ఉందా" అన్న ప్రశ్న తీసేసి, "సిగ్నల్ చిరిగిందా" అన్న పాత ప్రశ్న పెట్టాను. చిరగకపోతే కోడి కూత కోడి కూతగానే, మౌనం మౌనంగానే పోవాలి. వాక్యాలు అల్లడం పూర్తిగా మూసేశాను. సాయంత్రం లోపల అయిపోయింది. యంత్రం మీద భారం చూపించే గీత నిలువునా కిందికి దిగి, పడుకున్న పిల్లిలా నేల మీద ఉండిపోయింది. శనివారం పొద్దున్న వంటవేళ కూడా కదల్లేదు. హార్బరు ఆఫీసరు గారు ఫోను చేసి, "తెంపేశారా లైన్లన్నీ?" అని అడిగారు. ఒక్కటి కూడా తెంపలేదని ఫిలోమినా గారు చాలా నెమ్మదిగా, ప్రతి అక్షరం విడివిడిగా చెప్పారు.

పని అయింది గానీ, నాకు పని అయినట్టు అనిపించలేదు. బస్సెక్కి గవ్వలపాలెం వెళ్ళాను.

కాసులమ్మ చేపలు తోముతోంది. ఫోను గూట్లోనే ఉంది, లైను తెరిచే ఉంది. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చి, ఫోనుకు వినిపించకుండా అడిగింది. "తీసీసినావా?"

"తీసేశాను. ఇప్పుడు దానయ్యకు వినిపించేది నిజంగా ఇక్కడ ఏముంటే అదే."

"అయితే ఆడికి సెప్పీ."

"నేనా? మీరు చెబితే బాగుంటుంది కదమ్మా."

"నాను మాటాడను అన్నాను కదా." ఆవిడ గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుని, గొంతు ఇంకా తగ్గించింది. "నువ్వు సేసిన పెట్టి, నువ్వే సెప్పాల. ఉన్నదున్నట్టు సెప్పు. ఇటు సూడకు, ఆడితో మాటాడు."

రెండో వెర్షన్ నేను చేసింది కాదని ఆవిడకు వివరించే సందర్భం కాదు. ఫోను దగ్గరికి వెళ్ళి, గొంతు సవరించుకుని, నేనెవరో చెప్పాను. జవాబు వెంటనే వచ్చింది, ఎదుటి గదిలో మనిషిలా. "సెప్పండి బాబూ! ఫోను బాగయిపోనాదే!"

చెప్పాను. యంత్రం సంగతి, మౌనం సంగతి, "తిన్నావా మావా" సంగతి, అన్నీ. వేటకు వెళ్ళినప్పటి నుంచీ కాసులమ్మ అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదని చెప్పాను.

నేను ఆపాక అటువైపు మౌనం. ఇప్పుడు అది నిజమైన మౌనం. పడవ ఇంజను కొట్టుకుంటోంది. నీళ్ళు పక్కల్ని తడుతున్నాయి. ఎవడో దగ్గాడు. మా యంత్రం వాటిలో వేలు పెట్టకుండా అన్నిటినీ అలాగే పట్టుకొచ్చి ఆ గూట్లో పెడుతోంది. ఇటు చూడొద్దని చెప్పినా చూశాను. కాసులమ్మ కొంగు కొస గుప్పిట్లో నలుపుతోంది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం రావడం లేదు. సముద్రం మీద ఉన్న మనిషికి ఏమవుతుందోనని మొక్కుకుంటోందని అనుకున్నాను.

చివరికి దానయ్య గొంతు వచ్చింది. గొంతులో ముందటి హుషారు లేదు.

"నాకు అనుమానంగానే ఉండీది బాబూ. మా కాసు ఎండలో తిరక్కు అంతాదేటి? సముద్రం మీద ఎండ కాక నీడెక్కడుంతాది? అది ఎర్రి మాటలాడే మనిసి కాదు. పైగా ఎంతసేపూ తీపి మాటలే. నాలుగు రోజులు బాగుండీది. ఆ తర్వాత ఎవులో పరాయి ఇంట్లో కూకున్నట్టుండీది." ఒక నిట్టూర్పు. "అయినా అడగడానికి బయమేసినాది. అడిగితే ఆ మాటా పోద్దేటోనని."

మళ్ళీ ఇంజను చప్పుడు. తరువాత అతను ఫోనుకు దగ్గరగా వచ్చాడు కాబోలు, ఊపిరి కూడా వినిపించింది.

"ఒలే కాసూ. అక్కడే ఉన్నావు కదా? నువ్వు పలక్కు. నానే సెప్తాను. పేరు సంగతి... అమ్మ పేరు రాయించాలని అప్పటికప్పుడు మనసైంది. నిన్నడిగితే కాదనవని తెలుసు. తెలిసీ అడగనేదు. ఊరందరి ముందరా నిన్ను సిన్నబుచ్చినాను. తప్పైపోనాదే. ఈ మాట ఇంటికొచ్చీదాకా దాసుకుందారనుకున్నాను గానీ, ఇంక నా వల్ల కాదు. నువ్వు మాటాడకపోయినా పరవానేదు. నీ గిన్నెల చప్పుడు ఇంటే సాలు నాకు."

నేను గోడకు అతుక్కుని నిలబడ్డాను. కాసులమ్మ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. తుడుచుకోలేదు. పీట మీద నుంచి లేచి, గూటి దగ్గరికి వెళ్ళి, ఫోనుకు మొహం ఆనించి, ఇన్నాళ్ళుగా బిగబట్టిన గొంతు విప్పింది.

"ఏడిసావులే."

ఆ ఒక్క మాట ఎక్కడా చిరగలేదు, ఎక్కడా ఆగలేదు. ఇక్కడ ఆవిడ నోరు మూసుకునేసరికే అక్కడ, నీళ్ళ మీద, పడవంతా ఒక్కసారి గోలెత్తిపోయింది. దానయ్య కేకలు అందరికన్నా పైన ఉన్నాయి.

"తిట్టినాదిరా! మా కాసు తిట్టినాది! ఒరే, ఆ ఇంజను ఆపండ్రా, ఇంకా ఏటంతాదో ఇనబడాల!"